కట్టెల పొయ్యి మళ్లీ నేర్చుకోవాలా?

చొప్పదండిలో పాత పెంకుటిల్లు విప్పి స్లాబు వేసుకునేవాళ్లకు వెనక వాకిట్లో ఒక చిక్కు ఎదురవుతుంది. దేవుని అర్ర ఎక్కడ, మెట్లు ఎటు అన్నవి తొందరగానే తేలిపోతాయి. పాత మట్టిపొయ్యి సంగతే తేలదు. కోడలు తీసేయమంటుంది, అత్త ఉండనియ్యమంటుంది. ఇద్దరి దగ్గరా గట్టి కారణాలే ఉన్నాయి. పొయ్యి ఉంచుకున్న ఇండ్లలో మాది ఒకటి. దాన్ని రాజేయడం మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాక ఆ రెండు వాదాలనూ ఇంకొంచెం జాగ్రత్తగా వింటున్నాను. కట్టెల పొయ్యి నేర్చుకోదగ్గ పని అనే నా అభిప్రాయం. రోజూ రెండు పూటలా దాని ముందు ఎవరినైనా కూర్చోబెట్టడం మాత్రం తప్పు అని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా అనగలడో చెప్పాలంటే కొంచెం వివరంగా మాట్లాడాలి.

గ్యాసు ఈ వైపు ఒక్కరోజులో రాలేదు. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం పెట్టి, పొదుపు సంఘాల్లోని పేద మహిళలకు కనెక్షన్ డిపాజిట్ తానే కట్టింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో కేంద్ర ప్రభుత్వ ఉజ్వల పథకం మొదలైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో సుమారు పదింట తొమ్మిది ఇండ్లు గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నాయి. దేశం మొత్తానికి ఆ లెక్క 58.6 శాతమే. అయితే ఆ సర్వే అడిగేది ఇంట్లో ఎక్కువగా దేని మీద వండుతారని. చాయ, పొద్దటి కూర గ్యాసు మీద చేసి, స్నానాల నీళ్లు, పశువుల కుడితి, పండుగ పిండివంటలు కట్టెల మీద చేసే ఇల్లు కూడా ఆ లెక్కలో గ్యాసు ఇల్లే. మా చుట్టుపక్కల అలాంటి ఇండ్లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి గ్యాసా, కట్టెలా అని ఒకటి తేల్చుకోమనడం ఊళ్లో జరుగుతున్నదానికి సరిపోదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెండో పొయ్యి ఎంతవరకు ఉండాలి, ఎక్కడ ఉండాలి, దాని ముందు ఎవరు కూర్చోవాలి అన్నవే అసలు ప్రశ్నలు.

ముందు ఆ పని ఎలాంటిదో చెప్పాలి. పొయ్యిని పొగిడేవాళ్లలోనూ తిట్టేవాళ్లలోనూ చాలామంది దాని ముందు కూర్చున్నవాళ్లు కారు. మాది ఎర్రమన్నుతో కట్టిన, రెండు గిన్నెలు పట్టే పొయ్యి. ముందు గిన్నె కింద మంట ఉంటుంది. వెనక గిన్నెకు ఆ మంట సెగ మాత్రమే పోతుంది. ముందు అన్నం ఉడుకుతుంటే వెనక పప్పో, నీళ్ల కాగో. నేర్పమని అడిగినప్పుడు పెద్దమ్మ నవ్వింది. "నీకెందుకురా కొడుకా ఈ బాధ, గ్యాసుంది కదా" అంది. తర్వాత ముందు కట్టెల కుప్ప దగ్గరికే తీసుకుపోయింది, పొయ్యి దగ్గరికి కాదు.

ఈ విద్యలో సగం కట్టెల దగ్గరే ఉంది. తుమ్మ కట్టె నిలకడగా కాలి గట్టి నిప్పులిస్తుంది. చింత మొద్దు అంతకన్నా మొండిది, చీల్చడమే కష్టం. పత్తికట్టె, కందికట్టె గబుక్కున అంటుకొని గబుక్కున ఆరిపోతాయి. రొట్టెలకు ఆ మంట బాగుంటుంది, పెద్ద ఎసరుకు చాలదు. మక్కలు ఒలిచాక మిగిలే బెండ్లు ఈ రెండింటికీ మధ్యరకం. రాజేయడానికి ఎండిన తాటికమ్మను మించింది లేదు. పాలిథీన్ కవర్లు, చెప్పుల ముక్కలు పెట్టి ముట్టించే అలవాటు ఇప్పుడు చాలా చోట్ల వచ్చింది. ఆ పొగ విషం. అన్నం వండే పొయ్యిలో దాన్ని ఎన్నడూ పెట్టరాదు.

కట్టె ఎండిందో లేదో పెద్దమ్మ రెండింటిని ఒకదానికొకటి కొట్టి చూస్తుంది. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. అది తెలియకపోయినా పొయ్యి చెబుతుంది. పచ్చికట్టె ఒక కొస మండుతుంటే రెండో కొస నుంచి సుయ్యిమంటూ నురగ వస్తుంది. అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి అయ్యేదాకా మంట వేడి వాటికే ఖర్చవుతుంది, గిన్నెకు చేరదు. అందుకే ఎండాకాలంలో చీల్చి, వాన తగలని చోట పేర్చిన కట్టె ఒక ఆస్తి. వానాకాలంలో పొయ్యి ముందు ఏడ్చిన ఇండ్లన్నీ ఎండాకాలంలో ఈ పని చేయనివే.

రాజేయడంలో సూత్రం ఒకటే, పాటించడమే ఓపిక. పాత బూడిద తీసేయాలి, కానీ మొత్తం ఊడ్చేయకుండా అడుగున వేలు మందం ఉంచాలి. అది నిప్పుల వేడిని పట్టి ఉంచుతుంది. తాటికమ్మ, దాని మీద సన్నటి పుల్లలు. అవి మండి మంట నిలబడ్డాకే బొటనవేలు లావు కట్టెలు. పెద్ద కట్టెలు ఆ తర్వాత. మూడు కట్టెల కొసలు ఒక చోట కలవాలి, వాటి మధ్య సందు ఉండాలి. "కుక్కకురా, సందియ్యి. దానికి గాలాడాలె" అని పెద్దమ్మ మళ్లీ మళ్లీ అన్న మాట ఇదే. కట్టె వేడెక్కగానే దాన్నుంచి మండే వాయువులు బయటికొస్తాయి. మంటగా మనకు కనిపించేది ఆ వాయువులు కాలడమే. గాలి చాలకపోయినా, వేడి చాలకపోయినా అవి కాలకుండానే పొగై వెళ్లిపోతాయి. కట్టె కుక్కినకొద్దీ పొగ పెరిగి మంట తగ్గడానికి కారణం అదే. ఊదుగొట్టంతో ఊదేటప్పుడు మంట మీద కాకుండా కింది నిప్పుల మీద ఊదాలి. మంట తగ్గించాలంటే నీళ్లు చల్లకూడదు, కట్టెను వెనక్కి లాగాలి. అన్నం ఉడుకు పట్టి గంజి వార్చాక కట్టెలన్నీ బయటికి లాగి, ఉన్న నిప్పుల మీదే మగ్గనియ్యాలి. గిన్నె పెట్టే ముందే దాని అడుక్కి తడిమన్ను పూస్తే మసి ఆ మన్నుకే పట్టి, కడిగేటప్పుడు దానితో పాటే వస్తుంది.

కొన్నాళ్లు చేస్తే ఎవరికైనా వస్తుంది. వచ్చాక కనిపించే తేడా పెద్దది. అదే పొయ్యి, అదే కట్టెలు, చేయి తిరిగినవాళ్ల దగ్గర పొగ బాగా తగ్గుతుంది, కట్టె కూడా తక్కువ పడుతుంది. పొయ్యిని అనుకూలంగా చూసేవాళ్ల మొదటి మాట ఇదే, అందులో నిజముంది.

వాళ్ల రెండో మాట ఖర్చు. చొప్పదండి చుట్టూ చెప్పుకోదగ్గ అడవి లేదు. కానీ పొలం గట్ల మీద తుమ్మలు, వేపలు ఉన్నాయి. పత్తి ఏరాక చేనిలో కట్టె మిగులుతుంది, దాన్ని చాలామంది అక్కడే తగలబెట్టి దున్నేస్తారు. ఎటూ కాలిపోయే ఆ కట్టెతో కాగు నీళ్లు కాగితే నష్టమేముందని అడుగుతారు. న్యాయమే. కానీ కట్టె ఉచితమనే మాటను లెక్కేసి చూడాలి. కిలో గ్యాసులో ఉండే వేడి కిలో ఎండుకట్టెలో ఉండేదానికి దాదాపు మూడింతలు. పైగా గ్యాసు పొయ్యి మీద ఆ వేడిలో సగానికి పైగా గిన్నెకు చేరుతుంది. పాత మట్టిపొయ్యిలో చేరేది ఏడో వంతో ఎనిమిదో వంతో. ఈ రెండూ కలిపితే 14.2 కిలోల సిలిండర్ చేసే పనికి ఇంచుమించు రెండు క్వింటాళ్ల కట్టె కావాలి. రెండు క్వింటాళ్లు కొట్టి, మోసి, చీల్చి, ఎండబెట్టే చేతులకు కూలి కడితే అది ఉచితం కాదు. ఆ కూలి ఇంట్లోవాళ్లది, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లది కాబట్టి ఎవరూ లెక్క రాయలేదు.

అయినా చేతిలో పైసలు లేని వారం వేరు. కట్టెకు ఇవాళ డబ్బు అక్కర్లేదు, సిలిండర్‌కు కావాలి. 2024 ఫిబ్రవరి చివర రాష్ట్ర ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయలకే సిలిండర్ ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. కానీ ఏడాదికి ఎన్నింటికి రాయితీ అన్నదాన్ని అంతకుముందు మూడేండ్ల సగటు వాడకంతో ముడిపెట్టారు. కట్టెలతో నెట్టుకొస్తూ ఏడాదికి మూడో నాలుగో తీసుకున్న ఇంటికి రాయితీ కూడా ఆ మూడు నాలుగింటికే. ఎక్కువ పొగ పీల్చిన ఇంటికే తక్కువ సాయం అందే లెక్క ఇది. కట్టెల వంట తగ్గాలని నిజంగా కోరుకుంటే ముందు మార్చాల్సిన నిబంధన ఇదేనని నా అభిప్రాయం.

పొయ్యి ఉండాలనేవాళ్ల పక్షాన ఇంకొక మాట కూడా చెప్పాలి. మన దేశం వాడే వంటగ్యాసులో సుమారు అరవై శాతం దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి. అక్కడ ఏదైనా జరిగితే ఇక్కడ సిలిండర్ ఆలస్యమవుతుంది, ధర పెరుగుతుంది. ఊళ్లో ఒక్కరికైనా పొయ్యి రాజేయడం రాకపోతే ఆ వారం ఏం తినాలి? ఒక తరం ఈ పని వదిలేస్తే తర్వాతి తరానికి నేర్పేవాళ్లు ఉండరు. పెద్దమ్మకు డెబ్బై దాటాయి.

రుచి సంగతి వేరుగా తేల్చాలి. కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి మీద కట్టెల పొయ్యి భోజనం అని బోర్డు పెట్టి అమ్మేవాళ్లున్నారు, తినడానికి ఆగేవాళ్లూ ఉన్నారు. మూత పెట్టిన గిన్నెలో ఉడికే అన్నానికి, పప్పుకు పొగ రుచి పట్టడం తక్కువ. ఆ రుచి ఎక్కువగా నిదానంగా ఉడకడం వల్ల, నిప్పుల మీద మగ్గడం వల్ల వస్తుంది. మందమైన గిన్నెలో, సన్నని సెగ మీద గ్యాసుతోనూ చాలావరకు సాధించవచ్చు. నిప్పుల మీద నేరుగా కాల్చిన వంకాయ పచ్చడి, మక్కకంకి మాత్రం వేరు. సర్వపిండి కూడా అంతే. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి, గుండ్రటి గంజు లోపలి అంచుల దాకా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తాం. గ్యాసు మంట నడుమ ఒక్కచోటే తగిలి అడుగు మాడుతుంది, అంచులు పచ్చిగా మిగులుతాయి. పొయ్యిలో నిప్పుల వేడి గంజు చుట్టూ తగులుతుంది కాబట్టి పిండి అంతా ఒకేలా కాలి కరకరలాడుతుంది. సంక్రాంతికి సకినాలు కాల్చే పెద్ద కడాయికి కూడా వంటింటి గ్యాసు పొయ్యి చాలదు. ఈ పనులకు కట్టెల పొయ్యి కావాలనేవాళ్లతో నాకు పేచీ లేదు. అయితే ఇవన్నీ ఏడాదిలో కొన్ని రోజుల పనులు.

ఇక అవతలి పక్షం. అది బరువైనది, దాన్ని తేలిక చేసి చెప్పకూడదు. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త గుజరాత్ గ్రామాల్లో వంట చేసే ఆడవాళ్ల ఒంటికే పరికరాలు తగిలించి, వాళ్లు పీల్చే పొగను కొలిచారు. వంటింటి పొగ గురించి ప్రపంచం గట్టిగా ఆలోచించడం అలాంటి కొలతలతోనే మొదలైంది. ఇండ్లలో వంట పొగ వల్ల 2020లో ముప్పై రెండు లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులు, పసిపిల్లల న్యుమోనియా అందులో ముఖ్యమైనవి. గాలిలోని సన్నటి ధూళికి ఆ సంస్థ రోజుకు పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. మూసిన అర్రలో కట్టెలు మండుతున్నప్పుడు అది వందల్లో ఉంటుంది, కొన్నిసార్లు వెయ్యి దాటుతుంది. మా పెద్దమ్మకన్నా బాగా పొయ్యి రాజేసేవాళ్లను నేను చూడలేదు. ఆమెకే చలికాలం దగ్గు తగ్గదు. చేయి తిరగడం పొగను తగ్గిస్తుంది, పోగొట్టదు. నేర్చుకుంటే చాలు అనేవాళ్ల వాదం ఇక్కడ ఆగిపోతుంది.

మంచి పొయ్యి కడితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు మన దగ్గరే పాత చరిత్ర ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం, గాలిని తగ్గించి పెంచే పలకలు ఉన్న మట్టిపొయ్యి తయారుచేశారు. ఆ లేబొరేటరీ పేరు మీద దానికి హెర్ల్ చూలా అని పేరొచ్చింది. పొగలేని వంటిళ్లు కోట్లమందికి అందాలని ఆయన రాసిన ఇంగ్లిష్ పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. ఊరి మట్టితో, ఊరి కుమ్మరి చేతితో కట్టగలిగే పొయ్యి అది. ఒక ఇంజనీరు తన విద్యను వంటింటి పొగ మీద పెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. ఆ తర్వాత 1980ల నుంచి 2002 దాకా కేంద్రం జాతీయ కార్యక్రమం పెట్టి మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పంచింది. వాటిలో చాలావరకు నిలవలేదు. కొలత తప్పితే గిన్నె ఆనదు. గొట్టంలో మసి పేరుకుంటే పొగ వెనక్కి ఇంట్లోకే వస్తుంది. పగిలితే బాగుచేసేవాళ్లు లేరు. ఒడిశాలో ఎస్తేర్ దుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రెమా హన్నా కొన్నేండ్ల పాటు చేసిన పరిశీలనలోనూ అదే తేలింది. మొదటి ఏడాది వంట చేసేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత వాడకం తగ్గి, గొట్టాలు శుభ్రం చేసేవాళ్లు లేక ఆ లాభం పోయింది. పొయ్యి కట్టించి ఇచ్చారు కానీ దాన్ని నడపడం, బాగు చూసుకోవడం ఇంట్లో ఎవరి పనో తేలలేదు.

గ్యాసు పక్షం వాళ్లు కూడా ఒక సంగతి వినాలి. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరీక్ష చేసి 2022లో ఫలితం ప్రకటించారు. సగం మందికి గ్యాసు పొయ్యి, గ్యాసు ఉచితంగా ఇచ్చారు. వాళ్లు పీల్చే పొగ ఇంచుమించు మూడింట రెండొంతులు తగ్గింది. పుట్టిన పిల్లల బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పొగ మంచిదని దీని అర్థం కాదు. సిలిండర్ వచ్చినంత మాత్రాన ఆరోగ్యం దానంతటదే రాదని, తిండి, నీళ్లు, వైద్యం కూడా కావాలని మాత్రమే. కండ్ల మంట, దగ్గు, కట్టెల మోత తగ్గడం ఆ ఆడవాళ్లకు అప్పటికప్పుడే దొరికే సుఖం. నా మటుకు గ్యాసు ఇవ్వడానికి ఆ ఒక్క కారణమే చాలు.

అన్నీ తూచి చూస్తే నా మొగ్గు ఇటు ఉంది. రోజువారీ వంట గ్యాసు మీదే జరగాలి, దానికి సరిపడా సిలిండర్లు ఇంటికి అందాలి. కట్టెల పొయ్యి గోడల మధ్య ఉండకూడదు, వెనక వాకిట్లో రేకుల కింద ఉండాలి. ఆ పొయ్యి రాజేయడం ఇంట్లో మగవాళ్లు, చదువుకునే పిల్లలు కూడా నేర్వాలి. పెండ్లిలో బగారా అన్నం గంజుల కింద కట్టెలు ఎగదోసేది మగవాళ్లే అయినప్పుడు, ఇంటి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి అది ఆడవాళ్ల పని ఎందుకవుతుంది? చలికాలం రాత్రి నిప్పుల కుంపటి పెట్టుకొని తలుపులు బిగించుకోవద్దని కూడా ఆ పాఠంలోనే చెప్పాలి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇండ్లకన్నా ముందు గ్యాసు అందాల్సిన చోటు ఒకటుంది. సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలు చాలా చోట్ల ఇప్పటికీ రాళ్ల మీద పెద్ద గంజులు పెట్టి కట్టెల మీదే వండుతున్నారు. వాళ్లకు రుచి గురించి, వారసత్వం గురించి చెప్పే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు కట్టెలను కోరుకోలేదు, ఇచ్చే డబ్బులో గ్యాసు కిట్టక వాడుతున్నారు.

పొయ్యి ఉంచుకోవాలనుకున్నవాళ్లు మేస్త్రీకి కొన్ని సంగతులు ముందే చెప్పాలి. నేల మీద కట్టించవద్దు. నడుమెత్తు గట్టు మీద కట్టిస్తే నిలబడి వండవచ్చు, నడుం వంగదు, చిన్నపిల్లలు మంటలో చేయి పెట్టరు. గట్టు కింద ఖాళీ వదిలితే ఎండుకట్టెలు వానకు తడవకుండా అక్కడే ఉంటాయి. వాన కొట్టే పడమటి వైపు సగం గోడ చాలు, మిగతా వైపులు తెరిచే ఉండాలి. పొగగొట్టం రేకు కన్నా రెండు మూడడుగులు పైకి పోవాలి, లేకపోతే గాలి తిరిగినప్పుడు పొగ ఇంటి కిటికీలోకే వస్తుంది. గొట్టం అడుగున మసి తీసే మూత పెట్టమని తప్పకుండా అడగండి. కట్టేటప్పుడు అది మరిచిపోతే మసి పేరుకున్న రోజు గొట్టమే పగలగొట్టాల్సి వస్తుంది.